అనకాపల్లిలో ఒంటె

రాజమండ్రి స్టేషన్లో బెంచీలకు రంగు వేసేవాళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పరు. రంగు వేయడం వాళ్ళ వంతు, ఆరిందో లేదో తెలుసుకోవడం ప్రయాణికుడి వంతు అని పని పంచుకున్నట్టుంది. ఆ ఆదివారం పొద్దున్నే విశాఖ పాసింజరు కోసం నేను కూర్చున్న బెంచీ చూడటానికి చాలా శుభ్రంగా ఉంది. అప్పుడే అనుమానించాల్సింది. లేచాక చూసుకుంటే నా క్రీం రంగు ప్యాంటుకి వెనక ఈ చివర నుంచి ఆ చివరకి రెండు నీలం పట్టీలు. పక్కన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దమనిషి, "ఇందాకే చెబుదామనుకున్నానండి, పేపరు చదువుకుంటున్నారు కదా అని ఊరుకున్నాను" అన్నాడు. మర్యాదస్తుడు.

సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణమని రెండో జత తెచ్చుకోలేదు. సంచిలో ఉన్నవి ఐదు వందల కరపత్రాలు, కొన్ని ప్రభుత్వ నిబంధనల జిరాక్సు కాపీ, పెరుగన్నం బాక్సు. వీటిలో ఏదీ తొడుక్కోవడానికి పనికిరాదు. పాసింజరు వచ్చింది, ఎక్కాను.

ఎందుకు వెళ్తున్నానో ఇక్కడే చెప్పేస్తాను. జంతువులను వినోదానికీ వ్యాపార ప్రకటనలకీ వాడకూడదని చెప్పే సంఘం ఒకటి మా ఊళ్ళో ఉంది. పేరు పొడుగు, సభ్యులు తక్కువ. సర్కసు డేరా ముందు రెండుసార్లు అట్టలు పట్టుకుని నిలబడ్డాం. ఒక బట్టల షాపు గుమ్మంలో టోపీ పెట్టి కట్టేసిన కోతిని విడిపించాం. ఆ కోతి మరుసటి వారం మా అధ్యక్షుడి కళ్ళజోడు ఎత్తుకుపోయింది. సంఘానికి నేను కార్యదర్శిని. కాలేజీలో కామర్స్ చెబుతాను. ప్రకటనల వల్ల అమ్మకాలు ఎలా పెరుగుతాయో పగలు ఒక చాప్టరు చెప్పి, సాయంత్రం ఆ ప్రకటనల మీద పోరాటానికి బయల్దేరుతాను. జీతం పగటి పనికే ఇస్తున్నారు.

మా అధ్యక్షుడు రిటైరైన హిందీ పండిట్ గారు. ఆయనకు కుడి చెవి సరిగా వినపడదు. అయినా ఫోను కుడి చెవికే పెట్టుకుంటారు, బాగున్న చెవిని అనవసరంగా అరగదీయడం ఎందుకని. ఆ వారం మధ్యలో అనకాపల్లి నుంచి ఎస్టీడీ బూత్‌లో ఎవరో ఆడమనిషి చేసిన ఫోను ఆ చెవికే వచ్చింది. కోతి వార్త పడిన పాత పేపరు ముక్కలో మా నంబరు దొరికిందట ఆవిడకి. పేరు దేముడమ్మ. పండిట్ గారు నాకు చెప్పిన సారాంశం ఇది: అక్కడ పైపుల డీలరు ఒకాయన ఒంటెకు ఒళ్ళంతా ఎనామిల్ రంగు పూయించి, కంపెనీ పేరు రాయించి ఊరంతా తిప్పుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మైదానంలో దానిచేత బరువు లాగించి చూపిస్తాడు. ఒంటె రంగు నాకి మేత మానేసింది. వెంటనే వెళ్ళకపోతే దక్కదు.

"అనకాపల్లిలో ఒంటె ఎక్కడిదండీ?" అన్నాను.

"అదే కదయ్యా హింస" అన్నారు పండిట్ గారు.

కరపత్రం ఆయనే రాశారు. డీటీపీ కుర్రాడు అందంగా సర్దాడు. పైన అరంగుళం అక్షరాలతో "అనకాపల్లిలో ఒంటె". కాగితం వెడల్పు అక్కడితో అయిపోయింది కాబట్టి మిగిలిన "కు జరుగుతున్న హింసను ఖండించండి" అన్నది కింద చీమల బారులా వచ్చింది. మధ్యలో వాడి కంప్యూటర్లో దొరికిన ఒంటె బొమ్మ. అది నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతోంది. అడుగున మళ్ళీ పెద్దక్షరాల్లో "ఆదివారం ఒంటిగంటకు మైదానానికి తరలిరండి". హింస అన్న మాట చదవాలంటే కళ్ళు బాగుండాలి.

పాసింజరులో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. సామర్లకోటలో టీ తాగచ్చు, అన్నవరం దాటాక తాగకపోవడం మంచిది. తునిలో బండి కాసేపు ఆగింది. అక్కడ ఒక కుటుంబం ఎక్కింది: మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, బుట్టలో కోడిపుంజు. కొత్త అమావాస్య వెళ్ళాక నెల్లాళ్ళూ అనకాపల్లి అమ్మవారికి జాతరే, ఆదివారాలైతే మరీను. వాళ్ళ ప్రయాణం అందుకే. ఆయన పేరు గోవిందు అని పెళ్ళాం రెండుసార్లు విసుక్కోవడం వల్ల తెలిసింది. నా ఒళ్ళో ఉన్న కరపత్రం చూసి చెయ్యి చాచాడు. పైలైను, బొమ్మ, కిందిలైను చదివాడు.

"ఇది సూడ్డానికి టిక్కట్టుంటాదాండి?"

"చూడటానికి కాదండీ. ఇలాంటివి ఎవరూ చూడకూడదని చెప్పడానికి పిలుస్తున్నాం."

"రాకుండా ఎలాగ సెప్తారండి మరి?" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెళ్ళాంతో, "దరిసినం బేగా కానిచ్చీయాలే. ఒంటిగంటకి ఒంటె" అన్నాడు. పిల్లలిద్దరూ అనకాపల్లి దాకా అదే పాట: ఒంటిగంటకి ఒంటె, ఒంటిగంటకి ఒంటె.

ఆవిడ నా సంఘం సంగతి అడిగి తెలుసుకుంది. "మరి అమ్మోరికి ఈ పుంజుని కొడితే మీ సంగానికి అబ్యంతరమా బాబూ?"

"అది వినోదం కిందికి రాదమ్మా. మా పరిధి కాదు."

"ఆ ముక్క పుంజుకి సెప్పండి" అంది, బుట్ట నా వైపు తిప్పి. పుంజు నన్ను ఒక కన్నుతో చూసింది.

అరగంట ఆలస్యంగా, పదిన్నరకి అనకాపల్లిలో దిగాం. స్టేషన్ బయట గాలిలోనే బెల్లం ఉంటుంది. ఇడ్లీ బండి దగ్గర చట్నీ కారం, ఇడ్లీ వేడి, ఫిర్యాదు లేదు. అక్కడ నిలబడి కరపత్రాలు తీస్తే ఆటోవాళ్ళు చుట్టూ మూగారు. ఒకడు యాభై అడిగి తీసుకున్నాడు. "జాతర కాడ నేను పంచుతాను సార్, పుణ్యం" అన్నాడు. ఇడ్లీ ప్లేటు ఖాళీ అయ్యేసరికి సంచి మూడొంతులు ఖాళీ. మా సంఘానికి ఇంత ఆదరణ ఎన్నడూ లేదు. అయినా అనుమానం రాలేదు.

ఫోనులో చెప్పినట్టే బస్టాండు ఎదురుగా చెరుకురసం బండి నీడలో దేముడమ్మ నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో గుడ్డసంచి, కాళ్ళకు దుమ్ము. ఊరు ఎస్. రాయవరం వైపు. ఎనిమిది రోజులుగా మొగుడూ పెళ్ళాం ఎద్దుల బండితో అనకాపల్లిలోనే ఉన్నారని మాటల్లో తెలిసింది. గుర్తు కోసం కరపత్రం పైకి పట్టుకున్నాను.

"తవరేనా బాబూ రాజమండ్రి నుంచి? ఇదేటి ఈ బొమ్మ?"

"ఒంటె అమ్మా. మీ ఒంటె."

ఆవిడ నన్నూ, బొమ్మనీ మార్చి మార్చి చూసింది. "ఒంటేటి బాబూ? మాకొంటె ఏటి? ఒంటెద్దు! మా ఒంటెద్దుకి రంగేసేరని కదా సెప్పేను!"

పండిట్ గారి కుడి చెవిలో 'ద్దు' పడలేదన్నమాట.

జత ఎడ్లలో ఒకటి పోయిన వానాకాలంలో పాము కరిచి చచ్చిపోయింది. మిగిలినదాన్ని ఇంట్లో అందరూ ఒంటెద్దు అనే పిలుస్తున్నారు. ఒక్క ఎద్దుతో బండి తోలుకుంటున్నారు. నేను రాజమండ్రి నుంచి తెచ్చిన చదువంతా, ఒంటె రోజుకు ఎంత మేస్తుంది, ఏ నేల మీద నడవాలి, అన్నీ ఆ చెరుకురసం బండి దగ్గరే వ్యర్థమైపోయాయి. కానీ నవ్వు రాలేదు. ఆవిడ మొహం అలా ఉంది.

"ఇప్పుడు కుడితి కూడా ముట్టి రెండ్రోజులైంది బాబూ. ఒళ్ళంతా నాకేసుకుంటాది. నోట్లోంచి ఒకటే సొంగ. రాత్తిరి గోడకి తలెట్టీసి అలాగే నిలబడిపోనాది. పిలిస్తే సూడదు."

"మీ ఆయన ఏమంటారు?"

"ఆయనకి పైపులు గావాల. బోరేసేం, నీళ్ళు పడ్డాయి, సెరుకు దాకా తేడానికి పైపుల్లేవు. ఎనిమిది రోజులు ఎద్దునిత్తే పొలానికి సరిపడా పైపులిత్తానన్నాడు డీలరు. నాకూ గావాల బాబూ పైపులు, వద్దనట్లేదు. ఎద్దు సచ్చిపోయినాక ఆ పైపులేటి, కాడికి కట్టి దున్నుకుంటామా?" చుట్టూ చూసింది. "నేను ఫోన్ సేసినట్టు ఆయనకి తెలీదు. సెప్పకండి."

పశువుల ఆస్పత్రికి వెళ్ళాం. ఆదివారం. అటెండరు గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు. డాక్టరు నాతవరం వైపు క్యాంపుకి వెళ్ళాడని చెప్పి సెల్ నంబరు ఇచ్చాడు. నాలుగోసారికి కలిసింది. వెనక బస్సు హారన్లు. నేను 'రంగు' అనగానే డాక్టరు అడ్డొచ్చాడు.

"ఎనామిల్ రంగా? నాకుతోందా? గోడకి తల ఆనిస్తోందా?"

అవునన్నాను.

"ఎండలో తిప్పకండి. బండి అసలు కట్టకండి. ఇప్పుడు బరువు లాగిస్తే పడిపోతుంది, పడితే లేవదు. రంగు తియ్యడానికి కిరసనాయిలు వాడకండి, చర్మం కాలిపోతుంది. వంటనూనె రాసి గోనెగుడ్డతో తుడవండి. నేను బస్సెక్కుతున్నాను. మూడింటికి ఆస్పత్రిలో ఉంటాను." లైను తెగింది.

ప్రదర్శన ఒంటిగంటకి. డాక్టరు మూడింటికి. మధ్యలో ఉన్నది నేను.

చట్టం అనే ఆలోచన సహజంగా వస్తుంది. పోలీసు స్టేషన్లో ఎస్ఐ గారు జాతర బందోబస్తుకి వెళ్ళారు. హెడ్డు కానిస్టేబుల్ గారు ఫ్యాను కింద కూర్చుని కరపత్రం శ్రద్ధగా చదివారు. ఆ ఊళ్ళో చిన్నక్షరాలు కూడా చదివిన మనిషి ఆయనొక్కడే.

"ఒంటె ఎక్కడుందండీ?"

"ఒంటె కాదండీ, ఒంటెద్దు."

"మరి మీ కాగితంలో ఒంటె మీద హింస అంటున్నారు."

పొరపాటని చెప్పి నిబంధనల జిరాక్సు ముందు పెట్టాను. జంతువులను ప్రదర్శనకు వాడాలంటే ముందే నమోదు చేయించాలని అందులో ఉంది.

"ఎద్దు బండి లాగడం ప్రదర్శనెలా అవుతుందండీ? మా వైపు దాన్ని పనంటారు."

"ఒళ్ళంతా రంగు పూశారండీ."

"పండక్కి కొమ్ములకి రంగెయ్యరా? అక్కణ్ణించి కొంచెం కిందికి దిగినట్టుంది." కాగితం తిరిగి ఇచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. దేముడమ్మ మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఎస్ఐ గారు రెండింటికొస్తారు. ఆయన్ని పంపిస్తాను. ఈలోపు ఒంటె గానీ వస్తే నాకు కబురు చెయ్యండి, పిల్లలు అడుగుతారు."

పన్నెండు దాటాక మైదానానికి చేరాం. పెరుగన్నం సంచిలోనే ఉంది, తినబుద్ధి కాలేదు. చిన్న షామియానా, ఒక మైకు, పైపులు కొండలా కట్టిన బండి. బండి పక్కన, గోడ వారనున్న కాస్త నీడలో ఎద్దు.

నీలం ఎద్దును నేను అంతకు ముందు చూడలేదు. కొమ్ముల నుంచి గిట్టల దాకా నా ప్యాంటు మీదున్న రంగే. డొక్కల మీద తెల్లక్షరాలు: ఒక వైపు కంపెనీ పేరు, రెండో వైపు "లోడంతా ఒంటెద్దే లాగుతుంది, అంత తేలిక!" అక్షరాల కింద డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ముందుకాళ్ళ మీద నాకిన చోట రంగు పోయి తెల్లటి మచ్చలు. మూతి నుంచి సొంగ తీగలా నేల దాకా. తల గోడకు ఆనించి ఉంది. దేముడమ్మ "రాజా" అని పిలిచింది. చెవి కూడా కదల్లేదు.

నాయుడు, అంటే ఆవిడ మొగుడు, తువ్వాలుతో ఎద్దు మూతి తుడుస్తున్నాడు. పెళ్ళాం పక్కన నన్ను చూశాడు.

"ఎవులీయన?"

"రాజమండ్రి నుంచొచ్చేరు. డాకటేరు బాబుతో మాటాడేరు" అంది ఆవిడ, రెండు ముక్కలూ నిజమే కాబట్టి ధైర్యంగా.

డాక్టరు చెప్పినది చెప్పాను. పడితే లేవదన్న మాట దగ్గర అతని చెయ్యి ఆగింది.

"ఒక్క గంట బాబూ. ఎనిమిది రోజులైపోయింది. ఈ ఒక్క గంటా నిలబడితే పైపులొచ్చెత్తాయి."

"నిలబడితే కదా" అంది దేముడమ్మ.

అతను ఎద్దు వైపు చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని షామియానా వైపు నడిచాడు. మేమూ వెనక వెళ్ళాం. డీలరు శేషుబాబు కూల్‌డ్రింకు తాగుతూ ఖాళీ మైదానం చూసి దిగులుగా ఉన్నాడు. అంతా కలిపి ముప్పై మంది ఉన్నారు, అందులో సగం నీడ కోసం వచ్చినవాళ్ళు. నాయుడు ఎద్దుకి బాగోలేదనీ, లాగించలేననీ చెప్పాడు. శేషుబాబు విసుక్కున్నాడు గానీ, "సరేలే. జనమే లేరు, ఎవరి కోసం లాగించడం? ఫొటో తీసి కంపెనీకి పంపించేద్దాం. నీ పైపులు నువ్వు తీసుకో" అన్నాడు.

దేముడమ్మ కళ్ళు మూసుకుంది. పోరాటం ఇంత సులువుగా అయిపోయినందుకు నాకు కొంచెం నిరుత్సాహం కూడా కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

మొదట ఒక ఆటో వచ్చింది. దాని వెనక నాలుగు. తర్వాత లెక్కపెట్టడం మానేశాను. జాతరకు వచ్చిన జనం, బొట్లతో, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వస్తున్నారు. చేతుల్లో పసుపు, కుంకుమ, నా కరపత్రం. యాభై తీసుకున్న ఆటోవాడు దూరం నుంచే నాకు చెయ్యి ఊపాడు. పావుగంటలో మైదానం నిండింది. గోడలెక్కారు. ఎక్కడో మొదలై అందరూ అందుకున్నారు: "ఒంటె! ఒంటె!"

శేషుబాబు ఒక కరపత్రం చదివి నా దగ్గరకు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాస్టారూ, ఇది మీరు వేయించిందా? మా కంపెనీ మూడు జిల్లాల్లో ఆటోలు తిప్పినా ఇంత జనం రాలేదు!" నాయుడి వైపు తిరిగాడు. "కట్టరా ఎద్దుని."

"ఇందాక వద్దన్నారు కదండి."

"ఇందాక జనం లేరు. ఇప్పుడు లాగకపోతే నా షామియానా పీకేస్తారు. లాగితేనే పైపులు. లేదంటే నీ ఎద్దును నువ్వు తోలుకుపో."

ఇరవై ఏళ్ళుగా నేను పాఠంలో చెబుతున్నది ఇదే. గిరాకీ పెరిగితే సరుకు బయటికి రావలసిందే.

మైకువాడు తెలివైనవాడు. "ఒంటె లేదు బాబూ! కానీ ఒంటెద్దు ఉంది!" అన్నాడు. ఒక చెప్పు వచ్చి పైపుల మీద పడింది. తర్వాత కొబ్బరిచిప్ప. నాయుడు మా ఇద్దరి వైపూ చూడకుండా ఎద్దును నడిపించుకొచ్చి బండికి కట్టాడు. ఎద్దు అడ్డు చెప్పలేదు. అడ్డు చెబితే బాగుండుననిపించింది.

నాలుగు అడుగులు వేసింది. అయిదో అడుగుకి ముందుకాళ్ళు మడిచి మోకాళ్ళ మీద పడింది. జనం "హో" అన్నారు. లేచింది, ఎలా లేచిందో తెలియదు. నాయుడి చేతిలో ముల్లుకర్ర ఉంది. "పొడు మామా, పొడు!" అని గోడ మీంచి కేకలు. అతను కర్ర ఎత్తాడు. దింపలేదు. పొడవలేదు.

నేను బండి ముందుకు వెళ్ళి నిలబడ్డాను. ఉపన్యాసం మొదలుపెట్టాను. మైకువాడి అరుపుల ముందు నోటి ఉపన్యాసం ఎంత వినపడుతుందో అంతే వినపడింది. ఇక చేసేది లేక నేల మీద కూర్చున్నాను. ఎద్దు ఊపిరి మెడ వెనక తగులుతోంది, వేడిగా, రంగువాసనతో. డాక్టరు మాట గుర్తొచ్చింది. ఇది పడితే నా మీదే పడుతుంది.

"లెగండి బాబూ" అన్నాడు నాయుడు, బతిమాలుతున్నట్టు. శేషుబాబు మనుషులిద్దరు వచ్చి చంకల కింద చేతులేసి లేపారు. లేపి వెనక్కి తిప్పారు. మైదానం మొత్తానికి నా ప్యాంటు కనిపించింది.

గోడ మీంచి ఒక గొంతు: "ఒరే బావా, ఈయనక్కూడా కంపెనీ రంగేసేరొరే!"

"అయితే ఈయన్నే కట్టండి బండికి!" అన్నాడు ఇంకొకడు.

మైదానమంతా విరగబడి నవ్వింది. ఆ రోజు సంఘానికి పనికొచ్చిన ఏకైక వాక్యం అదే. అది నాది కాదు.

"సరే, కట్టండి" అన్నాను. మైకువాడు సరదా పడి మైకు నా నోటి దగ్గర పెట్టాడు. "పైపులు అంత తేలికని ఎద్దు మీద రాశారు కదా. తేలికైతే ఎద్దెందుకు? నేను లాగుతాను. మీలో నలుగురు రండి."

"రాజమండ్రి ఎద్దు! రాజమండ్రి ఎద్దు!" అని అరుపులు. దేముడమ్మ అందరి అనుమతీ వచ్చేదాకా ఆగలేదు. ఎప్పుడు వెళ్ళిందో, ఎద్దు మెడ కింద ముడి విప్పుతోంది. వేళ్ళు జారుతున్నాయి, సొంగతో తాళ్ళు తడిసిపోయాయి. నాయుడు ఒక్కసారి శేషుబాబు వైపు, షామియానా పక్కన తన కోసం కట్టి పెట్టిన పైపుల వైపు చూశాడు. అప్పుడు ముల్లుకర్ర పారేసి రెండు చేతులతో కాడి ఎత్తాడు. ఎద్దు బయటికి వచ్చి అక్కడే నిలబడింది, ఎటు వెళ్ళాలో తెలియనట్టు.

నేను బండి కర్రల మధ్యకు వెళ్ళి లాగాను. బండి అంగుళం కదల్లేదు. పైపులు తేలికే కావచ్చు. బండి తేలికని కంపెనీ ఎక్కడా రాయలేదు. అప్పుడు వెనక నుంచి ఎవరో తోశారు. తిరిగి చూస్తే గోవిందు, చొక్కా జేబులోంచి నా కరపత్రం తొంగిచూస్తోంది. "ఒంటె ఎలాగూ నేదు, పిల్లలకి ఏదో ఒకటి సూపించాలి కదండి" అన్నాడు. గోడ దిగి కుర్రాళ్ళు వచ్చారు. బండి కదిలింది. మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగాం. జనం ఈలలేశారు. మనుషుల చేత లాగించే ప్రదర్శనకు నమోదు అక్కర్లేదని నిబంధనల్లో ఉన్నట్టు నాకు బాగా గుర్తు.

చుట్టు పూర్తయ్యేసరికి దేముడమ్మ, ఎద్దు మైదానంలో లేరు. నాయుడు శేషుబాబు ముందు నిలబడి ఉన్నాడు.

"నేనేమన్నాను? ఎద్దు లాగితే పైపులన్నాను. మాస్టారు లాగితే అన్నానా?" అంటున్నాడు శేషుబాబు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. జనం వెళ్ళిపోతున్నారు, ఇక అతనికి ఎవరితోనూ పని లేదు. నేను కల్పించుకోబోతే నాయుడు చెయ్యి అడ్డుపెట్టాడు. "ఒగ్గీయండి బాబూ" అని వెళ్ళిపోయాడు.

ఆస్పత్రి ఆవరణలో రేషను పామాయిల్ ప్యాకెట్లు కోసి ఎద్దు ఒంటికి పూశాం. అటెండరు గోనెసంచులు తెచ్చాడు. ముగ్గురం రుద్దాం, కాసేపటికి నాయుడూ వచ్చి చేరాడు. నీళ్ళ బకెట్టు పెడితే ఎద్దు తల తిప్పుకుంది. ఒకసారి కాళ్ళు విడదీసి ఊగింది. నలుగురం నాలుగు వైపులా భుజాలు ఆనించి నిలబెట్టాం. గేటు వైపు చూడటం, రుద్దడం, మళ్ళీ గేటు వైపు చూడటం. డాక్టరు మూడున్నరకి, బస్టాండు నుంచి దాదాపు పరిగెత్తుతూ వచ్చాడు. కళ్ళు చూశాడు, నోరు తెరిపించాడు, గొట్టంతో మందు తాగించాడు, ఇంజక్షన్లు చేశాడు.

నాలుగున్నర ప్రాంతంలో ఎద్దు బకెట్టులో మూతి పెట్టింది. తాగుతున్న చప్పుడు వినపడ్డాక దేముడమ్మ మెట్ల మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"బతికేట్టే ఉంది" అన్నాడు డాక్టరు. "రెండు రోజులు ఇక్కడే ఉంచండి. ఈ ఏడాది మాత్రం కాడి మెడ మీద పెట్టకండి."

తిరుగు పాసింజరు ఆరు లోపు. బజారులో బెల్లం కొనుక్కున్నాను. కొనేవాళ్ళకు సలహా, మరీ తెల్లగా ఉన్నది తీసుకోకండి. రంగు బాగున్న వస్తువుల మీద ఆ రోజుతో నాకు నమ్మకం పోయింది. ప్లాట్‌ఫారం మీద బెంచీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోలేదు. పండిట్ గారికి ఫోను చేశాను.

"ఒంటె విడుదలైందా?" అన్నారు.

"అయిందండీ."

"కరపత్రం పనిచేసిందన్నమాట!"

"మనం అనుకున్నదానికంటే ఎక్కువే పనిచేసిందండీ" అన్నాను. మిగతాది ఎదురుగా కూర్చుని, ఎడమ చెవిలో చెప్పాలి.

బండి వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. చేతులకు ఇంకా పామాయిల్ వాసన, గోళ్ళలో నీలం. ఒక్కరోజు ప్రయాణానికి అనకాపల్లి మంచి ఊరే. తిండి బాగుంటుంది, మనుషులు మాట్లాడతారు, పిలిస్తే వస్తారు. ఎద్దు నీళ్ళు తాగిన చప్పుడు తలుచుకుంటే చాలా రోజుల తర్వాత ఒక పని పూర్తి చేసినట్టే అనిపించింది. మళ్ళీ అదే జరిగితే మళ్ళీ ఆ బండి ముందే కూర్చుంటాను. కరపత్రం మాత్రం వేయించను.

బండి కూత వేశాక ప్లాట్‌ఫారం మీద ఎవరో కిటికీలు వెతుక్కుంటూ వస్తున్నారు. నాయుడు. చేతిలో నా సంచి. మిగిలిన కరపత్రాలు, ముట్టని పెరుగన్నం బాక్సు ఆస్పత్రిలోనే మరిచిపోయాను. కిటికీలోంచి అందించాడు. ఆయాసపడుతున్నాడు.

"ఎద్దు ఎలా ఉంది నాయుడు గారూ?"

"గడ్డి పరకేసుకుంది." బండి కదిలింది. అతను ఊచ వదలకుండా పక్కనే నడిచాడు. "ఫోన్ సేసింది మాయావిడేనని నాకు తెలుసు బాబూ. మంచిదే సేసింది. ఎద్దు కోసం ఫోన్ సేత్తే తవరొచ్చేరు." అడుగులు పెద్దవి చేశాడు. "సెరుకు ఎండిపోతన్నాది. దానికి ఎవులికి సెయ్యాలి ఫోను?"